36 సెన్సర్లకు ఒకే కేబుల్ చాలుతుందా?

మీరు అడిగింది ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను, ఎక్కడైనా తప్పుగా అర్థం చేసుకుంటే మీకు వెంటనే తెలిసిపోతుంది. షెడ్డు పొడవు 300 మీటర్లు, కంట్రోల్ ప్యానెల్ ఒక చివర. మొత్తం 36 సెన్సర్లు: ఉష్ణోగ్రతవి 16, ప్రెషర్‌వి 10, ట్యాంకు లెవెల్‌వి 6, వైబ్రేషన్‌వి 4. దారి పొడవునా మోటార్లు, వాటి వేగాన్ని మార్చే వీఎఫ్‌డీ డ్రైవ్‌లు. సరఫరాదారు అన్నీ ఆర్‌ఎస్-485 మాడ్‌బస్‌తో (ఒకే జత తీగల మీద చాలా పరికరాలు వంతులవారీగా మాట్లాడే పద్ధతి, ఆ ఉమ్మడి తీగనే బస్సు అంటాం) ఇస్తానంటున్నాడు, ఒక్క కేబుల్ లాగితే పనైపోతుందంటున్నాడు. మీ దగ్గర కంప్యూటర్ నెట్‌వర్క్‌కు వాడే క్యాట్5ఈ కేబుల్ రెండు పెట్టెలు మిగిలి ఉన్నాయి, అదే వాడేయొచ్చా అని అడిగారు.

ఒక్క మాటలో చెప్పాలంటే, వద్దు. ఆర్‌ఎస్-485 చెడ్డదని కాదు. మీ 36 సెన్సర్లూ ఒకే రకం పని చేయవు కాబట్టి.

నేను ఇన్‌స్ట్రుమెంటేషన్ పనిలో ఇరవై ఏళ్లు దాటాను. ఇన్నేళ్లలో ప్రోటోకాల్, అంటే పరికరాలు మాట్లాడుకునే భాష, తప్పు వల్ల ఆగిన ప్లాంటును చూసిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. లూజు టెర్మినల్, నీళ్లు దిగిన గ్లాండు (కేబుల్ బాక్సులోకి వెళ్లే చోటి బిగింపు), పొరపాటున రెండు చోట్ల కలిసిన ఎర్తు, వీటి వల్ల ఆగినవి మాత్రం లెక్కలేనన్ని. అందుకే వైరింగ్ ఎంచుకునేటప్పుడు నేను వేగం గురించి చివర్న ఆలోచిస్తాను. మొదట వేసుకునే ప్రశ్న వేరే: ఈ తీగ తెగితే నాకు తెలుస్తుందా? తెలిస్తే, ఎక్కడ తెగిందో ఎంతసేపట్లో పట్టుకోగలను?

ఈ ప్రశ్నకు 4–20 మిల్లీఆంప్ లూపు, అంటే కొలతను 4 నుంచి 20 మిల్లీఆంప్ కరెంటుగా పంపే జత తీగలు, ఇచ్చినంత సూటి జవాబు ఇంకేదీ ఇవ్వదు. కొలత సున్నా ఉన్నా 4 మిల్లీఆంప్ ప్రవహిస్తూనే ఉంటుంది కాబట్టి, కరెంటు సున్నాకు పడిందంటే తీగ తెగినట్టే. నామూర్ అనే పరిశ్రమ సంఘం ఎన్ఈ43 సిఫారసు ప్రకారం 3.8 నుంచి 20.5 వరకు నిజమైన కొలత. 3.6కి దిగినా 21కి ఎక్కినా ట్రాన్స్‌మిటర్ (సెన్సర్ కొలతను కరెంటుగా మార్చేది) తన లోపం తానే చెబుతున్నట్టు. పీఎల్‌సీలో (ప్లాంటును నడిపే కంప్యూటర్) ఈ హద్దులకు అలారం పెట్టుకుంటే చాలు. పైగా ఒక సెన్సర్ పోతే ఒక సెన్సరే పోతుంది, పక్కవాటికి అంటుకోదు.

మాడ్‌బస్‌లో సంగతి అలా కాదు. అడిగితేనే చెబుతుంది. జవాబు రాకపోతే చాలా గేట్‌వేలు (ఒక నెట్‌వర్క్ మాటను ఇంకోదానికి మార్చే పెట్టెలు), కొన్ని పీఎల్‌సీ ప్రోగ్రాములు పాత విలువనే రిజిస్టర్‌లో (అంకె దాచే గడిలో) ఉంచేస్తాయి. ఒకచోట ట్యాంకు లెవెల్ షిఫ్టు మొత్తం 62 శాతం దగ్గరే నిలబడింది. ఆపరేటర్లు నిలకడగా ఉందని సంతోషించారు కూడా. నిజానికి కేబుల్ ఊడి ఆరు గంటలైంది, గేట్‌వే మాత్రం చివరిసారి విన్న అంకెనే అప్పజెబుతోంది. ట్యాంకు పొంగి కింద నీళ్లు కనిపించాకే సంగతి బయటపడింది. మాడ్‌బస్ పెట్టాలనుకుంటే ప్రతి స్లేవ్‌కూ, అంటే అడిగితే జవాబిచ్చే ప్రతి పరికరానికీ, కమ్యూనికేషన్ ఫెయిల్ బిట్ తీసుకుని, అది వచ్చిన మరుక్షణం తెర మీద అంకె రంగు మారేలా చేయించండి. ఇది సరఫరాదారు తనంతట తాను చేసి పెట్టే పని కాదు, మీరు అడిగి చేయించుకోవాల్సిందే.

కాబట్టి మొదటి పని, జాబితా తీసుకుని కూర్చోండి. ఒక్కో సెన్సర్ పక్కన రాయండి: దీని విలువ పట్టుకుని ఏదైనా వాల్వు కదులుతుందా, పంపు ఆగుతుందా, లేక రికార్డు కోసమేనా? వాల్వును నడిపేవి, పంపును ఆపేవి 4–20 మీదకు వెళ్లాలి. రికార్డు కోసం చూసేవి బస్సు మీదకు వెళ్లొచ్చు. ఇక మనుషుల ప్రాణాలతో, పేలుడుతో ముడిపడిన ట్రిప్‌లు (యంత్రాన్ని ఆపేసే ఏర్పాట్లు) ఉంటే వాటిని మామూలు బస్సు మీద అస్సలు పెట్టకండి. తీగ తెగితే దానంతట అదే ఆగిపోయేలా, మామూలుగా మూసి ఉండే కాంటాక్టుతో విడిగా తీగ లాగాలి. ప్రొఫిసేఫ్ లాంటి భద్రతా ప్రోటోకాల్స్ ఉన్నాయి, కానీ అవి సర్టిఫికెట్ ఉన్న పరికరాలతో, ఆ పని తెలిసినవాళ్లు చేయాల్సినవి.

4–20 అంటే ఆలోచించకుండా తగిలించేయొచ్చని అనుకోవద్దు. వోల్టేజీ లెక్క వేయకుండా వదిలేసేవాళ్లే ఎక్కువ. ఒక ఉదాహరణ చూద్దాం. సప్లయ్ 24 వోల్టులు, ట్రాన్స్‌మిటర్ పని చేయడానికి కనీసం 12 వోల్టులు కావాలని డేటాషీటులో ఉంది. అంటే మిగతా అన్నిటికీ కలిపి మీ చేతిలో ఉన్నది 12 వోల్టులే. ఇన్‌పుట్ కార్డులో 250 ఓములు. 0.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు కిలోమీటరుకు దాదాపు 39 ఓములు, 300 మీటర్లు పోయి రావాలి కాబట్టి 600 మీటర్లకు 23 ఓములు. ఇంతవరకు ఏ ఇబ్బందీ లేదు. మధ్యలో ఎవరో 300 ఓముల బ్యారియర్ (పేలుడు ప్రమాదం ఉన్నచోట కరెంటును పరిమితం చేసేది) పెట్టారనుకోండి. మొత్తం 573 ఓములు. 12ను 573తో భాగిస్తే గరిష్ఠంగా 20.9 మిల్లీఆంప్. మామూలు కొలతలన్నీ సరిగ్గానే కనిపిస్తాయి, కానీ 'నేను చెడిపోయాను' అని చెప్పడానికి ట్రాన్స్‌మిటర్ 21 దాటాలి, దాటలేదు. సప్లయ్ 22 వోల్టులకు పడితే ఇంకా విచిత్రం: 17.4 మిల్లీఆంప్ దగ్గర ఆగిపోతుంది, అంటే ట్యాంకు 84 శాతం దాటి నిండుతున్నా తెర మీద 84 దగ్గరే ఉండిపోతుంది. ఇలాంటి లోపం కింది స్థాయిల్లో ఎంత పరీక్షించినా బయటపడదు. అందుకే కమిషనింగ్ (మొదటిసారి నడిపి చూసే) రోజున లూపు సిమ్యులేటర్‌తో 22 మిల్లీఆంప్ వరకు నెట్టి చూడమంటాను.

ప్రెషర్, లెవెల్ ట్రాన్స్‌మిటర్లు కొనేటప్పుడు హార్ట్ ఉన్నవి తీసుకోండి. అదే రెండు తీగల మీద 1200, 2200 హెర్ట్జ్ స్వరాలతో డిజిటల్ సమాచారం కూడా వెళ్తుంది, వేగం సెకనుకు 1200 బిట్లే అయినా రేంజి మార్చడానికి, డయాగ్నస్టిక్స్ చూడడానికి ధారాళంగా సరిపోతుంది. లూపులో కనీసం 230 ఓములు లేకపోతే హ్యాండ్‌హెల్డ్‌కు (చేత్తో పట్టుకుని సెట్టింగులు చూసే పరికరానికి) పలకదన్నది మాత్రం గుర్తుంచుకోండి. కార్డు లోపలి నిరోధం తక్కువగా ఉండి హార్ట్ పలకక, ట్రాన్స్‌మిటరే పాడైందని వెనక్కి పంపినవాళ్లను చూశాను.

ఇప్పుడు ఉష్ణోగ్రత. మీవి పీటీ100లు, అంటే వేడికి నిరోధం పెరిగే ప్లాటినం సెన్సర్లు, అనుకుంటున్నాను. సున్నా డిగ్రీల దగ్గర 100 ఓములు, డిగ్రీకి 0.385 ఓము చొప్పున పెరుగుతుంది. అంటే తీగలో ఒక ఓము అదనంగా చేరితే 2.6 డిగ్రీల తప్పు. రెండు తీగలతో 50 మీటర్లు లాగితే పైన చెప్పిన కేబుల్‌లోనే 3.9 ఓములు, పది డిగ్రీల తేడా వచ్చేసినట్టు. మూడు తీగల పద్ధతి దీన్ని సరిచేస్తుంది కానీ మూడు తీగల నిరోధమూ సమానమన్న నమ్మకం మీద. ఒక టెర్మినల్ తుప్పు పట్టి 0.4 ఓము పెరిగితే డిగ్రీ తేడా మళ్లీ దొంగచాటుగా వచ్చి కూర్చుంటుంది. డిగ్రీలో పదోవంతు ముఖ్యమైతే నాలుగు తీగలు వాడండి. లేదంటే ఇంకా తేలిక మార్గం, పీటీ100 తలలోనే చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టి అక్కడి నుంచే 4–20గా మార్చేయడం. థర్మోకపుల్ (రెండు లోహాల అతుకు ఇచ్చే చిన్న వోల్టేజీతో ఉష్ణోగ్రత చెప్పేది) అయితే గొడవ ఇంకోలా ఉంటుంది. కె-టైపు డిగ్రీకి 41 మైక్రోవోల్టులే ఇస్తుంది, దానికి సరిపడిన ఎక్స్‌టెన్షన్ కేబులే వాడాలి. మధ్యలో మామూలు రాగి తీగ కలిపితే కలిపిన చోటి ఉష్ణోగ్రత తేడా కూడా మీ కొలతలోకి వచ్చి చేరుతుంది.

సరే, ఆర్‌ఎస్-485. మీ అసలు ప్రశ్న ఇదే కాబట్టి ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం.

ఇది 1983 నాటి ప్రమాణం, మాడ్‌బస్ అంతకంటే పాతది, 1979లో మోడికాన్ సంస్థ తన పీఎల్‌సీల కోసం తెచ్చింది. ఇంత పాతవి ఇంకా నడుస్తున్నాయంటే కారణం ఉంది. రెండు తీగల మధ్య తేడానే సంకేతంగా తీసుకుంటుంది, బయటి నాయిస్ రెండు తీగలకూ ఒకేలా అంటుకుంటే రిసీవర్ దాన్ని పట్టించుకోదు. తక్కువ వేగంలో 1200 మీటర్ల వరకు లాగొచ్చు. కాబట్టి 300 మీటర్ల దూరం దానికి లెక్కే కాదు.

సంఖ్య దగ్గరకు వద్దాం. ప్రమాణం ప్రకారం ఒక బస్సు మీద 32 యూనిట్ లోడులు (ఒక మామూలు పరికరం బస్సు మీద వేసే భారం ఒక లోడు). ఇప్పటి చిప్పుల్లో చాలావాటిది ఎనిమిదో వంతు లోడు, కాబట్టి విద్యుత్ పరంగా 36 పట్టవని నేననను. కాలం దగ్గరే చిక్కు వస్తుంది. పది రిజిస్టర్లు చదవాలంటే అడగడానికి 8 బైట్లు, జవాబుకు 25 బైట్లు. ప్యారిటీ, అంటే తప్పు పట్టే బిట్, కలిపి బైటుకు 11 బిట్లు, 9600 వేగంలో ఇది 38 మిల్లీసెకన్లు. ఫ్రేముల మధ్య పాటించాల్సిన మూడున్నర అక్షరాల మౌనం, పరికరం ఆలోచించుకునే సమయం కలిపితే 60 అనుకోండి. 36 సెన్సర్లకు రెండు సెకన్లకు పైనే. ఉష్ణోగ్రత రికార్డుకు అది పర్వాలేదు. కానీ ఒక్క పరికరం చచ్చిపోయిందనుకోండి. ఒక సెకను టైమౌట్, మూడు ప్రయత్నాలు అని పెట్టి ఉంటే చుట్టూ తిరగడానికి ఐదు సెకన్లు దాటుతుంది, రెండు చచ్చిపోతే ఎనిమిది. చెడ్డవాటి వల్ల మంచివాటి సమాచారం కూడా ఆలస్యమవుతుంది. అందుకే ఒక బస్సు మీద పది పన్నెండు మించకుండా, విడివిడి పోర్టుల మీద రెండు మూడు బస్సులు వేయమంటాను. ఒకటి పడినా మిగతావి నిలబడతాయి, వెతకాల్సిన చోటూ మూడో వంతుకు తగ్గుతుంది.

కేబుల్ దారి విషయంలో ఒకే నియమం: గొలుసులా ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్లాలి. జంక్షన్ బాక్సు నుంచి నాలుగు దిక్కులకూ చీల్చకూడదు. '9600 వేగమే కదా, చీలిస్తే ఏమవుతుంది?' అని అడుగుతారు. పట్టించుకోవాల్సింది బిట్ వేగాన్ని కాదు, సంకేతం ఎంత చురుగ్గా పైకి లేస్తుందన్నదాన్ని. సంకేతం కేబుల్‌లో మీటరుకు సుమారు 5 నానోసెకన్లు తీసుకుంటుంది. కొమ్మలో, అంటే గొలుసు నుంచి పక్కకు చీలిన తీగలో, ప్రయాణ సమయం ఆ లేచే సమయంలో పదోవంతు లోపు ఉంటే భయం లేదు. నిదానంగా లేచే డ్రైవర్ (సంకేతం పంపే చిప్పు), అంటే 250 నానోసెకన్లది అయితే 5 మీటర్ల కొమ్మ కూడా తట్టుకుంటుంది. 10 నానోసెకన్లలో లేచే చురుకైన డ్రైవర్ అయితే 20 సెంటీమీటర్లకే ఇబ్బంది మొదలు. ఏ పరికరంలో ఏ చిప్పు ఉందో మీకు తెలియదు కాబట్టి కొమ్మలు పొట్టిగా ఉంచడమే మేలు. ఇంకో చిట్కా: వచ్చే తీగ, వెళ్లే తీగ రెండూ ఒకే జంట ఫెరూల్‌లో (తీగ కొనకు తొడిగే లోహపు గొట్టంలో) నొక్కి టెర్మినల్‌కు పెట్టండి. రేపు ఆ సెన్సర్‌ను విప్పినా గొలుసు తెగదు.

రెండు కొనల్లో 120 ఓముల టెర్మినేషన్, అంటే సంకేతం కొన తాకి వెనక్కి రాకుండా ఆపే రెసిస్టర్. రెండు కొనల్లో మాత్రమే. ఒక సైట్లో 14 పరికరాల బస్సు, బల్ల మీద రెండింటితో పరీక్షిస్తే చక్కగా పలికింది, మొత్తం కలిపాక రోజుకో తీరు. కొన్ని పొద్దున పలికేవి, మధ్యాహ్నం మూగపోయేవి. సాఫ్ట్‌వేర్ వాళ్లు వారం రోజులు కోడు మార్చారు. నేను వెళ్లి సప్లయ్ ఆపేసి రెండు తీగల మధ్య మల్టీమీటర్ పెడితే 8.6 ఓములు చూపించింది. 120ని 14తో భాగించి చూడండి! అన్ని పరికరాలూ ఫ్యాక్టరీ నుంచి టెర్మినేషన్ జంపర్ వేసే వచ్చాయి, ఎవరూ పన్నెండింటికి తీయలేదు. ఇంట్లో ఉంచుకుని ఊరంతా వెతికినట్టయింది.

ఆ కొలత మీరూ నేర్చుకోండి. సప్లయ్ ఆపి కొలిస్తే 60 ఓములకు దగ్గర్లో రావాలి, మీ 300 మీటర్లకు తీగ నిరోధం కూడా కలిసి 65 దాకా రావచ్చు. 120 వస్తే ఒక కొన లేదు, లేదా మధ్యలో తెగింది. 40 వస్తే ఎవరో మూడోది పెట్టారు. తర్వాత సప్లయ్ ఇచ్చి, మాస్టర్ (ప్రశ్నలు వేసే పరికరం) అడగడం ఆపి, అదే రెండు తీగల మధ్య వోల్టేజీ చూడండి. రిసీవర్‌కు కనీసం 200 మిల్లీవోల్టుల తేడా ఉంటేనే అది ఒకటో సున్నానో నమ్మకంగా తెలుస్తుంది. ఎవరూ మాట్లాడనప్పుడు ఆ తేడా నిలబెట్టడానికి బయాస్ రెసిస్టర్లు కావాలి, బస్సు మొత్తానికీ ఒకే చోట, సాధారణంగా మాస్టర్ దగ్గర. 5 వోల్టులకు పైన 560, కింద 560 ఓములు పెడితే 60 ఓముల మీద 250 మిల్లీవోల్టులు వస్తుంది. కొత్త చిప్పుల్లో కొన్ని సున్నా వోల్టు దగ్గర కూడా తడబడకుండా తయారయ్యాయి, అయినా మీ సెన్సర్లన్నీ అలాంటివే అని చెప్పలేం కదా.

రెండు తీగల బస్సు అంటారు కానీ నిజానికి మూడు తీగలు కావాలి. రిసీవర్ తన గ్రౌండ్ నుంచి చూస్తే తీగల మీది వోల్టేజీ మైనస్ 7 నుంచి ప్లస్ 12 వోల్టుల లోపలే ఉండాలని ప్రమాణం అడుగుతుంది, పరికరాల గ్రౌండ్ల మధ్య తేడా దాన్ని ఆ హద్దు దాటించకూడదు. 300 మీటర్ల షెడ్డులో పెద్ద మోటారు స్టార్టయిన క్షణంలో రెండు చివరల ఎర్తుల మధ్య ఆ హద్దు దాటించేంత తేడా రావడం వింతేమీ కాదు. పరికరాల గ్రౌండ్లను కలిపే కామన్ తీగ ఒకటి కేబుల్‌లోనే తీసుకెళ్లండి, ఐసొలేటెడ్ (నేరు విద్యుత్ సంబంధం లేకుండా సంకేతం మాత్రమే దాటే) ఆర్‌ఎస్-485 ఉన్న పరికరాలే కొనండి. ఖర్చు మిగిల్చాలనుకుంటే మిగతా ఎక్కడైనా మిగల్చండి, ఐసొలేషన్ దగ్గర వద్దు. షీల్డును (తీగల చుట్టూ ఉండే లోహపు పొరను) కామన్ తీగగా వాడే అలవాటు కొందరికి ఉంది. అది నాయిస్‌ను చేతులారా సంకేతంలోకి పిలవడమే.

ఏ, బీ అక్షరాలను నమ్మకండి. ఒక తయారీదారు ఏ అన్నది ఇంకొకరి బీ. పలకకపోతే తిప్పి పెట్టి చూడండి, దానివల్ల ఏదీ కాలిపోదు. రిజిస్టర్ నంబర్లలో ఒకటి తేడా రావడం, దశాంశ విలువల్లో రెండు పదాలూ తారుమారు కావడం కూడా ఈ కోవలోవే. విసిగిస్తాయి కానీ ఒకసారి సరిచేస్తే మళ్లీ రావు.

సెన్సర్లకు కరెంటు కూడా అదే కేబుల్‌లో పంపిద్దామని మీ సరఫరాదారు అనే ఉంటాడు. లెక్క వేయండి. చివర్లో పది సెన్సర్లు, ఒక్కోటి 50 మిల్లీఆంప్ అంటే అర ఆంపు. పోయి రావడానికి 23 ఓములు. 11.7 వోల్టులు దారిలోనే పోతాయి, సగం సప్లయ్ మాయం. 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ అయితే నాలుగు వోల్టులతో సరిపెట్టుకోవచ్చు, లేదా మధ్యలో ఒక చిన్న బాక్సులో విడిగా 24 వోల్టుల సప్లయ్ పెట్టుకోవచ్చు. నేనైతే రెండోదే చేస్తాను.

ఇక డ్రైవ్‌లు. మీ షెడ్డులో నిజమైన శత్రువు అదే. వీఎఫ్‌డీ నుంచి మోటారుకు వెళ్లే కేబుల్‌లో వోల్టేజీ నానోసెకన్లలో ఎగిసిపడుతుంది, పక్కనున్న ఏ తీగనైనా యాంటెన్నాలా వాడుకుంటుంది. మోటారు కేబుల్ తప్పనిసరిగా షీల్డు ఉన్నదే అయి ఉండాలి, రెండు కొనల్లోనూ ఆ షీల్డు చుట్టూరా పట్టుకునే క్లాంపుతో ఎర్తు కావాలి. సిగ్నల్ ట్రే విడిగా, కనీసం 20–30 సెంటీమీటర్ల దూరంలో. తప్పనిసరిగా దాటాల్సి వస్తే అడ్డంగా, లంబకోణంలో దాటించండి. పక్కపక్కనే పది మీటర్లు నడిపితే ఆ తర్వాత ఏ ఫిల్టరూ మిమ్మల్ని పూర్తిగా కాపాడలేదు.

సిగ్నల్ షీల్డు ఒక కొననా, రెండు కొనలా అన్నది ఎప్పటికీ తెగని వాదన. నేను అనుసరించేది ఇది. నిదానంగా మారే 4–20, థర్మోకపుల్ కేబుళ్లకు ప్యానెల్ కొననే, రెండో కొనను కత్తిరించి టేపు చుట్టేస్తాను, 50 హెర్ట్జ్ కరెంటు షీల్డులో ప్రవహించకుండా. డిజిటల్ బస్సులకు, డ్రైవ్‌ల పక్కన వెళ్లేవాటికి రెండు కొనలా, కానీ షెడ్డులో ఎర్తులన్నీ మందమైన తీగతో ఒకదానితో ఒకటి కలిసి ఉన్నప్పుడే. కలిసి లేకపోతే రెండో కొనను కెపాసిటర్ ద్వారా. ఏ పద్ధతైనా షీల్డును పొడవాటి తోకలా పేని ఎక్కడో దూరపు స్క్రూకు బిగిస్తే సగం ప్రయోజనం పోయినట్టే, అధిక ఫ్రీక్వెన్సీకి ఆ తోక పెద్ద అడ్డంకి. జంక్షన్ బాక్సులో ఒక కేబుల్ షీల్డు ఇంకో కేబుల్ షీల్డుకు చేరాలి, బాక్సు బాడీకి తగలకూడదు. ఈ ఒక్క విషయం చెక్ చేయడానికి వెళ్లి ఎన్నిసార్లు లోపం పట్టుకున్నానో.

కొనల దగ్గర పని గురించి. పోగుల తీగకు ఫెరూల్ తప్పనిసరి. సోల్డర్ పూసి స్క్రూ కింద పెట్టకండి, సోల్డర్ మెత్తనిది, ఒత్తిడికి నెలల తరబడి నెమ్మదిగా జారుకుంటుంది, ఒకరోజు స్క్రూ వదులైపోతుంది. కంపనం ఉన్నచోట స్ప్రింగు టెర్మినల్ మేలు. బిగించాక ప్రతి తీగనూ ఒకసారి లాగి చూడండి, నాలుగు వందల తీగలుంటే నాలుగు వందలూ. గ్లాండు బాక్సు కింది వైపే ఉండాలి, కేబుల్ లోపలికి వెళ్లేముందు కిందికి ఒక వంపు తిరగాలి, అప్పుడు నీటి బొట్టు వంపు దగ్గరే రాలిపోతుంది. నూనె తగిలేచోట పీవీసీ తొడుగు గట్టిపడి పగులుతుంది, అక్కడ పీయూఆర్ (పాలీయురెథేన్) తొడుగు తీసుకోండి. కదిలే యంత్రం మీదైతే డ్రాగ్ చైన్ (కేబుల్‌ను మోస్తూ కదిలే గొలుసు) కోసం తయారైన కేబులే తప్ప ఇంకోటి వద్దు.

మిగతా పద్ధతులు తొందరగా చెప్పేస్తాను. క్యాన్ బస్సు బాష్ సంస్థ 1986లో బయటపెట్టింది, తప్పులు పట్టుకోవడంలో ఆర్‌ఎస్-485 కన్నా చాలా గట్టిది. పాడైన నోడ్ (బస్సు మీది పరికరం) తనను తానే బస్సు నుంచి తప్పించుకుంటుంది. యంత్రాల లోపల నాకు చాలా ఇష్టం. కానీ ప్రెషర్, లెవెల్ ట్రాన్స్‌మిటర్లు క్యాన్‌తో దొరకడం తక్కువ, మీ పనికి సాగదీయకండి. ఐఓ-లింక్ అచ్చంగా బస్సు కాదు, ఒక సెన్సర్‌కు ఒక పోర్టు, దూరం 20 మీటర్లే, షీల్డు కూడా అక్కర్లేదు. సెన్సర్ మార్చినప్పుడు పాత సెట్టింగులు మాస్టరే కొత్తదానికి ఎక్కించగలదు, రాత్రి షిఫ్టులో మార్చేవాళ్లకు అది పెద్ద వరం. ఒకేచోట గుంపుగా సెన్సర్లుంటే తప్పకుండా చూడండి. ఈథర్‌నెట్ రాగి మీద 100 మీటర్లు దాటదు, రెండు తీగల ఈథర్‌నెట్-ఏపీఎల్ ట్రంకు 1000 మీటర్ల దాకా వెళ్తుంది, కొత్తగా పెద్ద ప్లాంటు కడుతుంటే ఆలోచించొచ్చు. ఐ2సీ, 1-వైర్ సెన్సర్లను ఎవరైనా చౌకగా అంటగడితే తీసుకోకండి. ఐ2సీ సర్క్యూట్ బోర్డు మీద చిప్పుల మధ్య మాటల కోసం పుట్టింది, మొత్తం బస్సు కెపాసిటెన్స్ 400 పికోఫారడ్‌లు దాటకూడదు. మామూలు కేబుల్ పది మీటర్లకే అది అయిపోతుంది. వైర్‌లెస్ రికార్డు విలువలకు సరే, బ్యాటరీ మార్చే మనిషి పేరు ముందే రాసి పెట్టుకోండి.

మీ నాలుగు వైబ్రేషన్ సెన్సర్ల గురించి విడిగా. పెరుగుతోందా తగ్గుతోందా తెలిస్తే చాలనుకుంటే మొత్తం కంపనాన్ని 4–20గా ఇచ్చే ట్రాన్స్‌మిటర్ సరిపోతుంది. బేరింగ్‌లో ఏ భాగం పాడవుతోందో తెలియాలంటే అసలు తరంగ రూపమే కావాలి, దాన్ని మాడ్‌బస్ మీద పంపడం గొట్టంలో ఏనుగును దూర్చినట్టు. అప్పుడు మోటారు పక్కనే విశ్లేషించే పెట్టె ఉండి, అక్కడి నుంచి ఈథర్‌నెట్ మీద రావాలి.

ఇదంతా మీ షెడ్డుకు అన్వయిస్తే నేను వేసే బొమ్మ ఇలా ఉంటుంది. షెడ్డులో 100, 220 మీటర్ల దగ్గర రెండు రిమోట్ ఐఓ బాక్సులు (చుట్టుపక్కల సెన్సర్ల తీగలు అందుకుని ప్యానెల్‌కు చేరవేసేవి), ఒక్కోదాంట్లో సొంత 24 వోల్టుల సప్లయ్. ప్యానెల్ నుంచి ఈ రెండింటికీ ఫైబర్, డ్రైవ్‌ల నాయిస్ గాజు తీగకు అంటదు, ఎర్తు తేడాల గొడవా ఉండదు. దగ్గర్లోని ప్రెషర్, లెవెల్ సెన్సర్లు హార్ట్‌తో 4–20గా ఆ బాక్సుల్లోకి వస్తాయి, ఒక్కోదానికి విడి జత. పంపును ఆపే రెండు లెవెల్ స్విచ్చులు ఉంటే వాటి తీగలు బాక్సుల ప్రమేయం లేకుండా నేరుగా స్టార్టర్‌కు. ఉష్ణోగ్రతలో నియంత్రణకు వాడేవి 4–20, రికార్డువి ప్రతి బాక్సు నుంచి ఒక పొట్టి ఆర్‌ఎస్-485 గొలుసు మీద. అప్పుడు ఏ గొలుసూ పది పరికరాలు, వంద మీటర్లు దాటదు. మీ సరఫరాదారు ఇస్తానన్న మాడ్‌బస్ సెన్సర్లు కొన్ని ఇక్కడ నిక్షేపంగా వాడుకోవచ్చు, మొత్తం ఆర్డరు రద్దు చేయాల్సిన పని లేదు.

కమిషనింగ్ నాడు కొలిచిన అంకెలు, అంటే ప్రతి లూపు నిరోధం, ప్రతి బస్సు కొనల మధ్య ఓములు, ఖాళీగా ఉన్నప్పటి వోల్టేజీ, ఒక కాగితం మీద రాసి ప్యానెల్ తలుపు లోపల అంటించండి. మూడేళ్ల తర్వాత 63 ఉండాల్సిన చోట 118 వస్తే, ఏం జరిగిందో చూసేవాడికి అరనిమిషంలో తెలుస్తుంది. ఇన్సులేషన్ చూడడానికి మెగ్గర్ (అధిక వోల్టేజీతో పరీక్షించే మీటరు) పెట్టాలనుకుంటే ముందు రెండు కొనల్లోనూ పరికరాలు విప్పేయండి. 500 వోల్టులు ఒక్కసారి వెళ్తే 36 సెన్సర్లూ ఒకేసారి మారాల్సి రావచ్చు.

క్యాట్5ఈ సంగతి. 100 ఓముల కేబుల్ మీద 120 ఓముల బస్సు పెద్ద నేరమేమీ కాదు, ఆ తేడా 9600 వేగంలో కనిపించదు. కానీ దాంట్లోని గట్టి ఒంటి తీగ స్క్రూ దగ్గర కంపనానికి విరుగుతుంది, తొడుగు నూనెకు ఆగదు, మీ దగ్గరున్నదానికి షీల్డు కూడా లేదని రాశారు. పైగా దాంతో జరిగే మామూలు పొరపాటు ఒకటుంది: ఏ తీగను నారింజ జతలోంచి, బీ తీగను ఆకుపచ్చ జతలోంచి తీసుకుంటారు, మెలిక వల్ల వచ్చే లాభం మొత్తం పోతుంది. ఆ రెండు పెట్టెలూ కంట్రోల్ రూంలో పీఎల్‌సీకీ కంప్యూటర్లకూ మధ్య వాడేసుకోండి. షెడ్డులోకి మాత్రం షీల్డు ఉన్న, పోగుల తీగల, 120 ఓముల ఆర్‌ఎస్-485 కేబుల్ తెప్పించండి. ఒక జత, విడిగా ఒక కామన్ తీగ ఉన్నది అడగండి.